నాన్న చరణానికి అర్థం

ఫ్యాక్టరీలో ఆమెను పిట్ట అనేవాళ్ళు. పెద్ద కారణమేమీ లేదు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేనుకి ఒక చిన్న గాజు గది వేలాడుతుంది. అందులో కూర్చుని క్రేను నడిపేది ఆమె. మధ్యాహ్నం ఇనుప నిచ్చెన ఎక్కి లోపలికి వెళ్ళిందంటే మళ్ళీ డ్యూటీ దిగేదాకా ఎవరికీ మొహం కనపడదు. రేడియోలో గొంతు ఒక్కటే వినపడుతుంది. సన్నటి గొంతు. అందుకని పిట్ట.

ఆ షెడ్డులో ఇనుము కరిగించి పెద్ద పెద్ద మిషన్ల భాగాలు పోతపోస్తారు. చల్లారిన పోతని కొక్కేనికి తగిలించి, ఎత్తి, బండి మీద దింపాలి. కింద నిలబడి ఏది ఎక్కడికో చెప్పేవాడు మేస్త్రి. ఆయన కుంటుతూ నడుస్తాడు. ఒకప్పుడు ఆ గాజు గదిలో వేరే మనిషి ఉండేవాడు. మేస్త్రి "ఎడమ బండి" అన్నాడు. పైనున్నవాడు "ఎడమ బండి" అని చిలకలాగా పలికి తన ఎడమకి దింపాడు. మేస్త్రి ఎడమ, అతని ఎడమ ఒకటి కాదు. మేస్త్రి పాదం ఆ బండికీ ఇనుముకీ మధ్య ఉండిపోయింది.

అప్పట్నుంచి షెడ్డులో ఒక పద్ధతి పడింది. చెప్పిన మాటని చెప్పినట్టే తిరిగి చెప్పకూడదు. విన్నవాళ్ళు తమకేం అర్థమైందో తమ మాటల్లో చెప్పాలి. "గోడ పక్కదాన్ని ఎత్తుతున్నా, కిటికీల వైపు బండి మీద దింపుతున్నా" అనాలి. అప్పుడు మేస్త్రి "సరిగ్గా విన్నావ్" అంటాడు. ఆ తర్వాత "కానీ" అంటాడు, అంటే ఇక కానివ్వమని. ఆయన నోట "కానీ" రాకుండా కొక్కెం కదలదు. డైరెక్టరు వచ్చి నెత్తిన నిలబడ్డా కదలదు.

పిట్ట పనిలో చేరిన రోజున మేస్త్రి పాఠం అంతా ఇదే. "నా మాట నాకే తిరిగి కొట్టకు పిల్లా. నాకు చిలకలొద్దు. ఒక కాలే మిగిలింది."

ఆ మాట ఆమె మనసుకి ఎందుకో ఎక్కడో తగిలింది. అప్పటికి వాళ్ళ నాన్న పోయి ఎంతో కాలం కాలేదు.

నాన్న ఒక ప్రార్థన మందిరానికి కావలివాడు. పొద్దున్నే తలుపులు తీయడం, అందరూ వెళ్ళాక వేయడం, మధ్యలో వాకిట్లో నిలబడటం. జీవితమంతా ఆ వాకిట్లోనే గడిచింది. లోపల వల్లించేవన్నీ వినీ వినీ ఆయనకి నోటికి వచ్చేశాయి. పాత భాష. ఒక్క ముక్క అర్థం తెలియదు. అయినా తలుపు తాళం తీసేటప్పుడు ఒక చరణం తప్పకుండా పాడేవాడు. మధ్యలో ఒకచోట గొంతు పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా కిందికి దిగుతుంది. కూతురికి జడ వేసేటప్పుడూ అదే. గొంతు ఆగినచోట దువ్వెన కూడా ఆగేది.

"దాని అర్థమేంటి నాన్నా?" అని చిన్నప్పుడు అడిగింది.

"అడిగానమ్మా. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నీకెందుకు, నువ్వు పలికితే చాలు, పుణ్యం అదే వస్తుంది అన్నారు."

మందిరం పక్కనే దాని పాఠశాల ఉంది. ఆ గ్రంథం అర్థం అక్కడ మాత్రమే చెబుతారు, అదీ చేరినవాళ్ళకే. పుస్తకాల్లో వేయరు. అర్థం వీధిలో చెప్పకూడదని వాళ్ళ నియమం. నాన్న నిలబడే చోటు వీధి కిందికే వస్తుందట. గడపకి ఇవతల కదా!

నాన్న దానికి ఎప్పుడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడం కూడా ఆమెకే వదిలేసి పోయాడు. ఆమె దాన్ని భద్రంగా దాచుకుంది. గాజు గదిలో కూర్చుని, బరువు పైకి లేస్తున్నప్పుడు, రేడియో మీట నొక్కకుండా ఆ చరణం పాడుకునేది. పాడినప్పుడల్లా ఒళ్ళు మండేది. నేనూ చిలకనే కదా అనుకునేది.

ఆ పాఠశాలలో చేరాలని ఆమె ఎప్పుడో అనుకుంది. తరగతులు పొద్దుటిపూట. ఆమె డ్యూటీ మధ్యాహ్నం. అంతవరకు కుదిరింది. కుదరనిది ఫీజు.

ఇలా ఉండగా ఒకరోజు డ్యూటీకి వస్తే గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. గేటుకి అడ్డంగా పెద్ద బొమ్మ కట్టారు. అందులో పిట్ట! నల్ల గౌను తొడుక్కుని, నెత్తిన పలక లాంటి టోపీ పెట్టుకుని, చేతిలో చుట్టిన కాగితంతో నవ్వుతోంది. ఆ నవ్వు ఆమెదే, గుర్తింపు కార్డు కోసం తీసిన ఫొటోలోది. గౌను, టోపీ, కాగితం, ఆ చేతులు కూడా ఎవరివో. కింద "మా కార్మికులు, మా పట్టభద్రులు" అని రాసి ఉంది.

"ఎప్పుడు పాసయ్యావే పిట్టా? మాకు మిఠాయి కూడా పెట్టలేదు!" అన్నాడు ఒకడు.

"నాకూ ఇప్పుడే తెలిసింది" అంది ఆమె.

"గోళ్ళకి రంగు కూడా వేశారు చూడు" అన్నాడు ఇంకొకడు.

మేస్త్రి నవ్వలేదు. బొమ్మ వైపు కాసేపు చూసి, "వెళ్ళి కనుక్కో" అన్నాడు.

మేనేజరు గదిలో చల్లగా ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరైనా ఎదురు చెబుతారని ఊహించలేని మనిషి, అంతే.

"కూర్చో అమ్మా. ఎలా ఉంది బొమ్మ?"

"నన్ను అడక్కుండా వేశారేంటి సార్?"

"మంచి చేసేటప్పుడు కూడా అడగాలా? కంపెనీ నిన్ను కాలేజీలో చదివిస్తోంది. మేనేజ్‌మెంట్ కోర్సు. పైసా పెట్టక్కర్లేదు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం పని. అయ్యాక ఇదిగో, ఇలాంటి కుర్చీ."

"నేను వేరే చదువు అనుకుంటున్నాను సార్."

ఏ చదువో చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగాడు.

"మతం చదువా? అది చదివితే ఏమొస్తుందమ్మా?"

"తెలిస్తే చదవడమెందుకు సార్? మీరు ఇచ్చే డబ్బేదో ఆ బడికి కట్టొచ్చు కదా, సగమైనా."

"కంపెనీ దేవుడి జోలికి వెళ్ళదు."

"కొత్త కొలిమి వెలిగించినప్పుడు ఆ మందిరం గురువుగారిని కారు పెట్టి పిలిపించారు కదా సార్?"

"అది వేరు."

"ఎలా వేరు?"

మేనేజరు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. గొంతు తగ్గించి, నిజంగా ఆమె మేలు కోరినట్టే చెప్పాడు. "చూడమ్మా. రేపో మాపో ఆ గాజు గది తీసేస్తున్నాం. కిందనుంచే రిమోటుతో నడుస్తుంది. అప్పుడు పిట్ట ఎక్కడ వాలుతుంది? ఆలోచించుకో. కోర్సు అయ్యాక కొన్నేళ్ళు మా దగ్గరే ఉంటానని సంతకం పెడితే చాలు. ఈలోగా డైరెక్టరుగారు వస్తారు, మీటింగులో ప్రకటిస్తారు."

ఆలోచించుకోమన్నాడు, ప్రకటిస్తారనీ అన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో అన్నాడు. ఆమె నిచ్చెన ఎక్కుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంట్లో ఈ కబురు ఆమెకంటే ముందే చేరింది. అత్తగారు ఆరిన బట్టలు మడత పెడుతూ పక్కింటావిడకి చెప్పడం మెట్ల మీదనుంచే వినపడుతోంది. "మా కోడలి ఫొటో గేటుకి కట్టారు. గౌనులో ఎంత బాగుందో అంటున్నారు. ఇంట్లో పాత చీరల్లో చూసే ప్రాణం నాది, నాకేం తెలుసు!"

రాత్రి భోజనం దాకా ఆగి పిట్ట తన మనసులో మాట చెప్పింది. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఉచితంగా వచ్చే చదువు వదిలేసి, డబ్బు పోసి దేవుణ్ణి కొనుక్కుంటావా?"

"దేవుణ్ణి కాదత్తయ్యా. నాన్న పాడిన దాని అర్థం."

"పాడిన ఆయనకే అక్కర్లేకపోయింది. నీకెందుకే దురద?"

"ఆయనకి అక్కర్లేదని ఎవరన్నారు? అడిగాడు. చెప్పలేదు."

"చెప్పని వాళ్ళకే పోసి రావాలా, వీడు కూడబెట్టిందంతా?" అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "నోరు విప్పరా. నీ మిషను గాలికి పోతోంది."

పిట్ట భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. అద్దం అంచు అరగదీసే సొంత మిషను కొనుక్కోవాలని ఎన్నాళ్ళనుంచో కూడబెడుతున్నాడు. తన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఏదైనా ఆలోచించాలంటే ఆయనకి అదే అలవాటు.

"అమ్మ అన్నదాంట్లో తప్పు లేదు" అన్నాడు. "కాలేజీకి వెళితే కుర్చీ వస్తుంది. నీ మోకాళ్ళు నిచ్చెన ఎక్కలేక నొప్పి పుడుతున్నాయని నువ్వే అంటావు."

"అంటాను."

"ఆ గది తీసేస్తారట కూడా."

"తీసేస్తారట."

"మరి?"

"నన్ను అడిగి ఉంటే కాలేజీకే వెళ్ళేదాన్నేమో. నాకూ తెలియదు. ఒక్కసారి, మాటవరసకైనా, నీకేం కావాలని ఎవరూ అడగలేదు. నాన్నని మందిరంవాళ్ళు అడగలేదు, నన్ను ఫ్యాక్టరీవాళ్ళు అడగలేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సరే. నేను అడుగుతున్నాను. నీకేం కావాలి?"

ఆమె చెప్పేలోపే అత్తగారు అందుకుంది. "నన్నూ అడగరా ఎవరైనా! నాక్కావలసింది గౌను వేసుకునే కోడలు."

మర్నాడు పొద్దున పిట్ట పాఠశాలకి వెళ్ళింది. అక్కడ చదువు చెప్పే ఆవిడని అందరూ పెద్దమ్మగారు అంటారు. నేల చల్లగా, శుభ్రంగా ఉంది. చెప్పులు వదిలే చోటునుంచి చూస్తే, నాన్న నిలబడే వాకిలి కిటికీలోంచి కనపడుతోంది. ఇప్పుడు అక్కడ వేరే కావలివాడు ఉన్నాడు. ఎండలోనే ఉన్నాడు.

పెద్దమ్మగారు ఫీజు ఎంతో చెప్పింది.

"దేవుడి మాటకి ఇంత రేటేంటండీ?"

"దేవుడి మాటకి రేటు లేదు. చెప్పేవాళ్ళకి కడుపులున్నాయి."

"మందిరంలో పనిచేసే కుటుంబాల పిల్లలకి ఫీజు లేదని విన్నాను."

"లేదు."

"మా నాన్న ఇక్కడే పనిచేశాడు. కావలి." ఆయన పాడే చరణం పాడి చూపించింది. గొంతు లేచేచోట లేచింది, ఆగేచోట ఆగింది.

పెద్దమ్మగారి మొహం కాస్త మెత్తబడింది. "ఆయనా! గుర్తున్నాడు. బాగా పాడేవాడు." మళ్ళీ మామూలుగా అయింది. "కానీ కావలి అంటే బయటి పనమ్మా. ఆ సౌకర్యం లోపలి పనివాళ్ళకి."

"గడపకి అవతలా ఇవతలా అంతేనా తేడా?"

"ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా."

"ఆ చరణం అర్థమైనా చెప్పండి. ఫీజు సంగతి నా తలనొప్పి."

"ఇలా నిలబడ్డ మనిషికి చెప్పం. చేరు, కూర్చో, అక్షరాలు నేర్చుకో. దాని వంతు వచ్చినప్పుడు వస్తుంది."

పిట్ట మెట్లు దిగి వచ్చింది. ఆ ఫ్యాక్టరీని తిట్టుకోవాలో ఈ మందిరాన్ని తిట్టుకోవాలో తెలియక రెండింటినీ కలిపి తిట్టుకుంది. వాళ్ళు గౌను తొడిగి గేటుకి కడతారు, వీళ్ళు పాడించుకుని గేటు బయట నిలబెడతారు. పేరుకి ఇద్దరూ మేలు చేసేవాళ్ళే.

మేస్త్రికి చెబితే ఆయన తన పాదం వైపు చూసుకున్నాడు. "నన్ను అడిగితే కాలేజీ తీసుకో పిల్లా. ఇనుము కింద ముసలితనం రానివ్వకు. ఆ బడి ఎక్కడికీ పోదు."

"నేను పోతాను కదా మేస్త్రీ. నాన్న పోలేదా?"

ఆయన కుంటుతూ బండి వైపు వెళ్ళిపోయాడు.

డైరెక్టరు వచ్చిన రోజు పనాపి అందరినీ షెడ్డులో నిలబెట్టారు. క్రేను కిందే బల్ల వేసి మైకు పెట్టారు. మేనేజరు మాట్లాడాడు. కంపెనీ ఒక కుటుంబం అన్నాడు. ఆడవాళ్ళు ఎదగాలి అన్నాడు. "మన పిట్ట వచ్చే నెలనుంచి కాలేజీకి వెళుతోంది!" అన్నాడు. బల్ల దగ్గర ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన మైకు ఆమె చేతికిచ్చి, "ఒక్క మాట చెప్పమ్మా, నీ సంతోషం" అన్నాడు.

ఆమె ఎప్పుడూ ఆ షెడ్డులో కింద నిలబడి మాట్లాడలేదు. మైకు పట్టుకునేసరికి అలవాటుగా బొటనవేలు మీట కోసం వెతికింది.

"సార్ చెప్పింది విన్నాను" అంది. "నాకేం అర్థమైందో చెబుతాను. తప్పుంటే ఆపండి."

షెడ్డులో కదలిక ఆగింది. ఆ మాటల వెనక ఏం వస్తుందో అక్కడ అందరికీ తెలుసు.

"నన్ను అడక్కుండా నా మొహానికి గౌను తొడిగారు. చదువు మీరే ఎంచారు. చదివాక కూడా నేను ఇక్కడినుంచి కదలకూడదు. పైన ఆ గది తీసేస్తారు. అందులో కూర్చునేవాళ్ళు ఏమయ్యారని ఎవరైనా అడిగితే నా ఫొటో చూపిస్తారు. ఇదే కదా సార్ మీరు చెప్పింది?"

మేనేజరు నవ్వబోయాడు. "అమ్మాయి సరదా మనిషి..."

ఎవరూ నవ్వలేదు. పనివాళ్ళంతా మేస్త్రి వైపు చూశారు. అది ఎవరో చూడమంటే చూసింది కాదు. అలవాటు. మేస్త్రి కుంటుతూ ఒక అడుగు ముందుకి వేశాడు. కాలేజీ తీసుకోమని చెప్పిన మనిషే.

"సరిగ్గా విన్నావ్" అన్నాడు.

ఆ తర్వాత రావలసిన "కానీ" ఆయన అనలేదు.

"అయితే నేను ఎత్తను సార్" అంది పిట్ట. "నా చదువు నేను ఎంచుకున్నాను. మా డబ్బే పెట్టుకుంటాం." మైకు బల్ల మీద పెట్టి నిచ్చెన ఎక్కింది. పైకి వెళ్ళి గాజు గది తలుపు వేసుకుంది.

బొమ్మ మర్నాడే తీసేశారు. కొన్నాళ్ళకి ఇంకొకరి మొహంతో అదే గౌను కట్టారు. గాజు గదిలో ఫ్యాను కాలిపోతే మార్చడానికి ఎవరూ రాలేదు. ఆ ఎండాకాలమంతా పిట్ట తడిగుడ్డ మెడకి చుట్టుకుని పనిచేసింది. మిషనుకి దాచిన డబ్బు ఫీజు కింద పోయాక భర్త దాని ఊసు ఎత్తడం మానేశాడు. ఎత్తకపోవడమే ఆమెకి ఎక్కువ బాధ కలిగించేది. అత్తగారు మాత్రం పొద్దున్నే చదువుకి బయల్దేరుతుంటే, "దేవుడికి నా నమస్కారం చెప్పు. ఇంత పోశాం, గుర్తు పెట్టుకోమను" అనేది. అంటూనే డబ్బా మూత గట్టిగా బిగించి చేతికిచ్చేది.

అక్షరాలు, మాటలు, మాటల ముడులు. ఆమె పక్కన కూర్చునేవాళ్ళంతా ఆమెకంటే చిన్నవాళ్ళు, చురుకైనవాళ్ళు. ఆమెకి ఆలస్యంగా ఎక్కేది. ఆ చరణంలో తనకి తెలుసనుకున్నది కూడా తప్పని తేలింది. గొంతు లేచి ఆగే చోటు ఏడుపనుకునేది. కాదు, అది పిలుపు.

చివరికి ఒక పొద్దున దాని వంతు వచ్చింది. పెద్దమ్మగారు చరణం వల్లించి, ముక్కముక్కగా విప్పి, తీరిగ్గా అర్థం చెప్పింది. తలుపు తీయడం గురించే ఆ చరణం. తలుపు తెరుచుకోగానే లోపలివాళ్ళు, మొట్టమొదట, వాకిట్లో నిలబడ్డ మనిషిని లోపలికి పిలవాలి. ఆ పిలుపు వినపడనిదే లోపల ఏ మాటా మొదలుపెట్టకూడదు.

పిల్లలు రాసుకుంటున్నారు. పిట్ట రాయలేదు.

"నాకేం అర్థమైందో చెప్పనా అమ్మగారూ?"

"చెప్పు."

"వాకిట్లో ఉన్నవాణ్ణి పిలిచాకే లోపల ప్రార్థన మొదలవ్వాలి."

"అవును. చక్కగా చెప్పావు."

"ఈ అర్థం ఇక్కడ అందరికీ తెలుసా?"

"చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

పెద్దమ్మగారు తల ఎత్తింది.

"మా నాన్న రోజూ పొద్దున మీ తలుపు తీస్తూ ఇదే పాడేవాడు. మీరు పక్కనే ఈ బడిలో కూర్చుని వినేవాళ్ళు. వాకిట్లో నిలబడి, నన్ను లోపలికి పిలవండి అని పాడేవాడు. తనకి తెలియదు. మీకు తెలుసు."

"ఆయన గొంతు..." అని ఆగింది పెద్దమ్మగారు.

"బాగుండేది. చెప్పారు."

ఆమె లేచి బయటికి వచ్చింది. చెప్పులు వేసుకోలేదు. వాకిట్లో ఎండ కాలుతోంది. కావలివాడు గోడ నీడ కాస్త ఉన్నచోట ఒదిగి నిలబడ్డాడు. తాళాల గుత్తి నడుముకి వేలాడుతోంది.

"తలుపు తీసేటప్పుడు నువ్వేం పాడతావు?" అని అడిగింది.

"పాత కావలాయన పాడేదేనమ్మా. అలాగే పాడమన్నారు."

"అర్థం తెలుసా?"

"మాకెందుకమ్మా అర్థం?"

"అమ్మాయ్!" కిటికీలోంచి పెద్దమ్మగారి గొంతు వినిపించింది. "వీధిలో వద్దు! నియమం తెలుసు కదా. మళ్ళీ లోపలికి రానివ్వరు."

పిట్ట వెనక్కి చూడలేదు. రేడియోలో మాట్లాడే గొంతుతో, ఒక్కొక్క మాటా విడివిడిగా, వీధి అవతలికి కూడా వినపడేలా అర్థమంతా చెప్పింది. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు.

కావలివాడు విన్నాడు. కిటికీ వైపు చూశాడు, గడప వైపు చూశాడు.

"అంటే," అన్నాడు మెల్లగా, "నన్ను పిలిచేదాకా వాళ్ళు మొదలుపెట్టకూడదు. నేను లోపలికి పోవచ్చు."

"సరిగ్గా విన్నావ్" అంది పిట్ట.

అతను ఇంకా ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"కానీ" అంది.